పరుపు గుడ్డ గురించి ఒక ప్రేక్షకుడి అభిప్రాయం

ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. వనపర్తిలో నాలుగు చినుకులు పడితే కృష్ణ పొంగి గద్వాల కోటను ముంచేసిందంటాను. మా వీధి కుక్క రెండుసార్లు మొరిగితే అమ్రాబాద్ అడవిలోంచి పులి దిగిందంటాను. నా భార్య నా మాటల్లో పావలా వంతు ఉంచుకుని, మిగతా ముప్పావలా పొద్దున్నే వాకిట్లో చల్లే నీళ్లతో పాటు చల్లేస్తుంది. మీరూ అదే లెక్కన చదవండి. అయితే ఒక మాట. పెంచి చెప్పడం వేరు, లేనిది పుట్టించడం వేరు. ఇందులో నేను పుట్టించింది ఒకే ఒక్కటి ఉంది. అదేదో చివర నేనే ఒప్పుకుంటాను.

నేనొక నవల రాశాను. ఒక పిల్లవాడు పెద్దవాడు కావడం అందులో కథ. పుస్తకం బయటికొస్తే తెలుగునేల ఊగిపోతుందనుకున్నాను. ఊగలేదు సరికదా, ఏళ్లుగా ఊగుతున్న మా మంచం కూడా కుదుటపడింది. దాని పొట్టికోడు కింద నా నవల కొలిచి చేసినట్టు సరిపోయింది. చదివినవాళ్లు లేరని కాదు. వాళ్లంతా నాకు ముఖపరిచయమే. నేను ఎదురొస్తుంటే పక్క సందులోకి తిరుగుతారు, ఆ సందు ఎటూ పోదని తెలిసినా సరే.

ఆ పిల్లవాడు నా ఊహ కాదు. వనపర్తిలో పాత బస్టాండు వెనక పరుపులు కుట్టే నా చిన్ననాటి స్నేహితుడు. వాళ్లది తరతరాలుగా దూది ఏకే ఇల్లు. ఇప్పుడు ఏకడానికి మిషన్ వచ్చింది. అది తిరుగుతుండగా నల్లమీసంతో దుకాణంలోకి పోయిన పెళ్లికొడుకు తెల్లమీసంతో బయటికొస్తాడు, పిల్లనిచ్చినవాళ్లు గుర్తుపట్టక వెనక్కి పంపేస్తారు. మావాడి కనుబొమల మీద దూది ఎప్పుడూ ఉంటుంది. అందులో నెరిసిందేదో ఎగిరొచ్చి పడిందేదో వాడికే తెలియదు.

వాడికి ఎనిమిదేళ్లప్పుడు వాళ్ల అన్నకు పద్నాలుగు. ఆ ఏడు వాడికి విడవని జ్వరం తగులుకుంది. పిల్లవాడు లేచి తిరిగితే దట్టి కడతానని వాళ్లమ్మ పీర్లకు మొక్కుకుంది. మొక్కు తీరినవాళ్లు పీరుకు కట్టే రంగుగుడ్డ దట్టి. పీర్ల పండుగంటే మా సందులో ఏ ఇల్లూ వేరుగా ఉండదు. గుండంలో నిప్పు రాజేసేది ఒకరు, డప్పు కొట్టేది ఒకరు, చివర్లో పంచే తీపి మలీదా తినేది నేను. జ్వరం తగ్గింది, పండుగ వచ్చింది, దట్టి కొనే దారి మాత్రం ఇంట్లో కనపడలేదు. పీర్లు లేచే వేళకు అమ్మ గడపలో కూర్చుని కళ్లు తుడుచుకుంటుంటే అన్న దుకాణంలోకి పోయాడు. ఎవరి పరుపుకోసమో తెచ్చిపెట్టిన కొత్త గీతల గుడ్డలోంచి ఒక పేలిక చింపుకొచ్చాడు. ఎర్రగీత, నీలిగీత. పచ్చటి దట్టీలన్నిటి మధ్య పరుపు గుడ్డ కట్టుకున్న పీరు ఆ ఏడు అదొక్కటే.

వాళ్ల నాయన చూశాడు. పరాయివాళ్ల గుడ్డ. గుండం చుట్టూ సందంతా నిలబడి ఉండగా అన్నను కొట్టాడు. ఆ దెబ్బల చప్పుడు పాన్‌గల్ దాకా వినపడిందని నేను చాలా చోట్ల చెప్పాను. డప్పుల మోతలో పక్కనున్నవాళ్లకే సరిగా వినపడలేదు. మర్నాడు పొద్దున అన్న, బొంబాయికి పనివాళ్లను తీసుకుపోయే మేస్త్రీ లారీ ఎక్కాడు. మళ్లీ రాలేదు. ఆ వారమే నా స్నేహితుణ్ణి బడి మాన్పించి, అన్న కూర్చునే చోట కూర్చోబెట్టి, అన్న చొక్కా తొడిగారు. చేతులు మోకాళ్ల దాకా వచ్చేవి. వాడు పెద్దవాడు కావడమంటే అదే. నేను దాన్ని నవలంత పొడుగు చేశాను.

వాళ్ల నాయన ఆ తర్వాత గీతల గుడ్డను దుకాణం మెట్టెక్కనివ్వలేదు. ఆయన పోయాక కొడుకూ తేలేదు. అక్కడ పూల గుడ్డ ఉంటుంది, నెమళ్ల గుడ్డ ఉంటుంది, గీతలది అడిగితే లేదంటాడు.

నవలలో ఇదంతా ఉంది, ఒక్క ముక్క తప్ప. పీరుకు పరుపు గుడ్డ కట్టించడం నా కలానికి చిన్నతనంగా తోచింది. గద్వాల పట్టుచీర అంచు చేశాను. అమ్మ పెళ్లినాటి చీర, వేలెడు జరీ, నిప్పుల వెలుగులో మెరుపు. ఆ భాగం చదివి వినిపిస్తే వాడు సూది ఆపాడు.

"మా అమ్మకు గద్వాల చీర యాడిదిరా? గద్వాల నుంచి మా ఇంటికి వచ్చేది మా మేనత్త ఒక్కతే. అది గూడ ఉత్త చేతులతోని."

మార్చేయనా అని అడిగాను.

"వద్దుతియ్. సదువుకునేటోళ్లకు పట్టుంటెనే బాగుంటది."

కాబట్టి అచ్చులో ఉన్నది పట్టు. గీతల గుడ్డ సంగతి మా ఇద్దరికీ, వెళ్లిపోయిన అన్నకూ తప్ప ఇంకెవరికీ గుర్తుండదనుకున్నాను.

పోయినేడు ఒక టీవీ వాళ్లు ఆ నవలను సీరియల్ చేస్తామని వచ్చారు. దర్శకుడి నల్లకళ్లద్దాలు ఎంత పెద్దవంటే అందులో మా సందంతా కనిపించి ఇంకా రెండు ఇళ్లకు చోటు మిగిలింది. చుట్టూ తిరిగి చూసి, అంతా చాలా సహజంగా ఉందని మెచ్చుకుని, మా ఇంట్లో భోజనం చేసి, పోయి కొబ్బరిచెట్ల మధ్య తీశాడు. మా పాలమూరు ఎర్రనేల బదులు నీళ్లు, నీళ్ల మీద పడవలు, పడవల మీద వాళ్ల నాయన. మా మాట మాట్లాడేది ఆ ఇంట్లో పశువులు కాసేవాడొక్కడే, వాడు నోరు తెరిస్తే వెనక నవ్వుల చప్పుడు. పీర్ల పండుగ పిల్లవాడి పుట్టినరోజయింది. కేకు మా పీర్ల గుండమంత ఉంది. అన్న కిటికీ కర్టెన్ చింపి తమ్ముడి బహుమతికి రిబ్బన్ కడతాడు, నాయన చెంప మీద ఒక్కటిస్తాడు, అది మూడు వైపుల నుంచి మూడుసార్లు పడుతుంది. అన్న కారెక్కి వెళ్లిపోతాడు.

దుకాణానికి ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో అందరం కలిసి చూసేవాళ్లం. ఒక రోజు ఎనిమిదేళ్ల పిల్లవాడు పరుగెత్తుకుంటూ కొబ్బరిచెట్టు వెనక్కి పోయి, ఆ పక్క నుంచి పాతికేళ్ల హీరోగా వచ్చాడు. నా నవలలో ఆ దూరానికి సగం పుస్తకం పట్టింది. మావాడు చాయ్ ఊదుకుంటూ అన్నాడు: "నాకు గా చెట్టు దొరకలే. నేను పూరా నడుసుకుంటనే వచ్చిన."

నేను టీవీ వాళ్లను తిట్టని తిట్టు లేదు. వాడు మాత్రం ఒక్కనాడూ తప్పుపట్టలేదు. వాడి లెక్క వేరే ఉంది. అది మొదటిరోజే చెప్పాడు.

"నీ బుక్కు మా అన్న సూడడు. ఆయనకు సదువు రాదు. టీవీ అయితే యాడున్నా సూస్తడు. బొంబాయిల మనోళ్ల ఇండ్లల్ల గిదే నడుస్తదంట. తమ్ముని కోసం గుడ్డ చింపిండు, నాయన కొట్టిండు, ఎల్లిపోయిండు. గంత చాలదా? మతికొస్తది. మతికొస్తే ఎవరితోనన్న రాయిపిస్తడు."

రోజూ సీరియల్ అయిపోయాక టీవీ వాళ్లు ఆ రోజు భాగాన్ని ఫోన్‌లో పెట్టేవాళ్లు. దాని కింద ప్రేక్షకులు తమ అభిప్రాయాలు రాసేవాళ్లు. ప్రతి సాయంత్రం అవన్నీ నేను చదవాలి, వాడు వినాలి. ఇదీ మా ఇద్దరి పని.

ఆ అభిప్రాయాల ముందు తెలుగు సాహిత్య విమర్శ అంతా దిగదుడుపే. అమ్మ కట్టిన చీర ఎక్కడ కొన్నారని ఒకావిడ రోజూ అడిగేది, ఎవరూ చెప్పకపోయేసరికి రానురాను శాపాలకు దిగింది. ఇంకో సీరియల్‌లో కోడలికి జరుగుతున్న అన్యాయం గురించి ఒకాయన మా సీరియల్ కింద పేజీలకు పేజీలు రాసేవాడు. పిల్లవాడు ఇంత నెమ్మదిగా పెరిగితే ఎలా, వచ్చే వారానికైనా పెళ్లి చేయండని చాలామంది కోరారు. విడిపోయిన ప్రేమికులను రెండు రోజుల్లో కలుపుతానని ఒక జ్యోతిష్యుడు నంబరు ఇచ్చేవాడు. నవల చదివామని, సీరియల్ కన్నా నవలే గొప్పదని ఇద్దరు రాశారు. అందులో ఒకరు నా భార్య. రెండోది నేను.

మావాడు అన్నిటినీ ఒకేలా వినేవాడు. చీర సంగతికి, కోడలి సంగతికి కూడా చెవి ఒగ్గేవాడు. ఎందుకంటే ఏ మాట చాటున ఏం వస్తుందో తెలియదు కదా. అన్నీ చదవడం పూర్తయ్యాక రోజూ ఒకే మాట: "గంతేనా?" గంతే అనేవాణ్ణి. అప్పుడు మిషన్ మళ్లీ ఆన్ చేసేవాడు. చూసేవాళ్లు తగ్గుతున్నారని అభిప్రాయాల పొడుగు చూస్తేనే తెలిసేది. జ్యోతిష్యుడు కూడా రావడం మానేశాడు.

అలాంటి ఒక రోజున, కేకు కోసిన ఆ పాత భాగం కింద, పేరు బదులు ఏవో అంకెలూ, ముఖం బదులు బంతిపువ్వు బొమ్మా ఉన్న ఒకరెవరో రాసిన మాట కనపడింది.

"కర్టెన్ కాదు. పరుపు గుడ్డ. గీతలది."

నా జీవితంలో నేను పెంచి చదవని వాక్యం అదొక్కటే. పెంచడానికి నోరు రాలేదు. మావాడు మిషన్ ఆపాడు. గాలిలో ఉన్న దూదంతా నెమ్మదిగా మా మీద దిగుతోంది.

"మల్ల సదువు."

మళ్లీ చదివాను. ఫోన్ తీసుకుని, బడిలో నేర్చిన నాలుగు అక్షరాలూ ఎప్పుడో మరిచిపోయినా, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు. వేలు తగిలి తెర పైకి జరిగిపోతే కంగారుపడి నా చేతికిచ్చాడు.

"ఇది నీ బుక్కుల లేదు. టీవీల లేదు. నువ్వు రాయలే గద?"

నా భార్య మీద ఒట్టు పెట్టాను. నా మీద ఒట్టును వాడు ఎప్పుడూ లెక్కచేయడు.

అప్పటికప్పుడే బజారుకు పోయి ఎర్రగీత నీలిగీత ఉన్న పరుపు గుడ్డ ఒక తాను కొనుక్కొచ్చాడు. ఇన్నేళ్లుగా ఆ మెట్టెక్కని గుడ్డను దుకాణం ముందు పైనుంచి కిందికి వేలాడదీశాడు. వస్తే దూరం నుంచే కనపడాలి కదా అన్నాడు.

ఇక జవాబు రాయాలి. నేను రక్తసంబంధం, కన్నీళ్లు, కాలప్రవాహం అంటూ అరపేజీ రాసి వినిపించాను. వాడు అన్నీ కొట్టేయించాడు.

"దుకాణం గాడనే ఉంది. నేను ఉన్న. గంతే రాయి."

నాయన సంగతి రాయొద్దా అని అడిగాను. వాళ్ల నాయన చివరి రోజుల్లో దుకాణం మెట్టెక్కిన ప్రతివాణ్ణీ పెద్దకొడుకు పేరుతో పిలిచేవాడు. ఎదురుగా ఉన్న చిన్నకొడుకునూ ఆ పేరుతోనే పిలిచి, ఆ పేరుతోనే నీళ్లడిగి, పోయాడు.

"గా ముచ్చట ఫోన్ల రాసేది కాదు. ఆయన వస్తే ఎదురుంగ కూసోని నేను చెప్త. గది నేనే చెప్పాలె."

చెప్పినట్టే రాసి పంపాను. బంతిపువ్వు కింద మా రెండు ముక్కలు కూర్చున్నాయి. ఇక ఎదురుచూడడమే.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఏదైనా తప్పిపోతే ఒక్కరు వెతకరు. ఒకరి బర్రె కట్టు తెంపుకుంటే ఊరు ఊరంతా కర్రలతో, కేకలతో, డబ్బాలు వాయించుకుంటూ బయల్దేరుతుంది. దగ్గర్లో ఎక్కడో మేస్తున్న బర్రె ఆ గోలకు బెదిరి నాగర్‌కర్నూల్ పొలిమేర దాటుతుంది. ఎదురింటి హోటలాయనది మంచి మనసు. మావాడు గుడ్డ వేలాడదీస్తుంటే ఎందుకని అడిగాడు. వాడు సంతోషం పట్టలేక చెప్పాడు. హోటలాయన అంతకన్నా సంతోషపడి తన ఫోన్ గ్రూపులన్నిటిలో గొంతు రికార్డు చేసి పెట్టాడు: మన పరుపుల భాయ్ అన్న దొరికిండు, అందరు పోయి రమ్మని రాయుండ్రి.

అందరూ పోయారు. గద్వాల నుంచి ఉత్తచేతుల మేనత్త మనవలు పోయారు. నాగర్‌కర్నూల్ నుంచి మావాడి అత్తగారి వైపు వాళ్లు పోయారు. తిమ్మాజిపేటలో దూది అమ్మేవాళ్లు, వాళ్ల దగ్గర కొనేవాళ్లు, కొందామని ఆగినవాళ్లు పోయారు. మర్నాటికి ఆ బంతిపువ్వు కింద దండాలు, పూలు, కన్నీటి బొమ్మలు, ప్రశ్నలు. ఇంటికి రా అన్నా. యాడున్నవో చెప్పు, బండి తీసుకుని వస్తం. ఇన్నేండ్లు ఏం చేసినవ్, ఇప్పుడెందుకు వచ్చినవ్. నిజంగ అన్నవే అయితే నీ మోకాలి మీది మచ్చ ఏ పక్కనుందో చెప్పు. దుకాణంలో వాటా కోసమా అని ఒకరు, మన పరువు తీయకుండ్రి అని ఇంకొకరు. వాళ్లిద్దరూ అక్కడే జుట్లు పట్టుకున్నారు. ఒక్కటొక్కటే చదువుకుంటూ పోతున్నాను, మావాడు దూది బస్తా మీద కూర్చుని వింటున్నాడు. అప్పుడు ఇది వచ్చింది, మేనత్త మనవడు రాసింది:

"మీ నాయన నీ పేరే కలవరించుకుంట సచ్చిండు. నీకు సిగ్గున్నదా."

మావాడు తల పట్టుకున్నాడు. అలాగే అన్నాడు: "జర ఆపమను రా వాళ్లను."

ఆపమని రాశాను. ఆపడానికి నువ్వెవరని నన్ను అడిగారు. నవల రాసినవాణ్ణని చెప్పాను. ఏ నవల అన్నారు.

ఆ సాయంత్రం చూస్తే బంతిపువ్వు లేదు. పైకీ కిందికీ ఎంత జరిపినా లేదు. రాసినవాళ్లు తమ మాటను తీసేస్తే దాని కింద రాసిన వందల మాటలూ దానితోపాటే పోతాయట. మా రెండు ముక్కలూ పోయాయి. దుకాణం గాడనే ఉందన్న మాట ఇప్పుడు ఎక్కడా లేదు. అందరికన్నా పైన మళ్లీ చీర ఎక్కడ కొన్నారన్న ప్రశ్నే ఉంది.

హోటలాయన వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. తన తప్పేనని గొణిగాడు. మావాడు తన డబ్బాలో నీళ్లు ముంచి ఇచ్చాడు. వెనకనుంచి ఒక పెద్దమనిషి, అసలు ఆ రాసింది అన్నేనని ఏంది నమ్మకం, ఆ గుడ్డ ఎవరి పరుపుదో వాళ్లు గూడ కావచ్చు గద అన్నాడు. ఆ ముక్క అంతవరకూ నాకు తట్టలేదు. మావాడికి తట్టిందో లేదో వాడి ముఖంలో కనపడలేదు, దూది అడ్డం.

చూసేవాళ్లు లేక సీరియల్‌ను మధ్యలోనే ఆపేశారు. చివరి భాగంలో హీరో పడవెక్కి అన్నను వెతకడానికి బయల్దేరాడు, అక్కడే వదిలేశారు. మర్నాటి నుంచి ఆ వేళకు వంకాయ కూర ఎట్లా వండాలో చూపిస్తున్నారు. హోటల్లో టీవీ అలాగే మోగుతుంటుంది. పాలమూరు మనుషులం, వేరేవాళ్ల ఇంటి వంకాయ చూస్తూ చాయ్ తాగుతుంటాం.

సీరియల్ ఆగిన రోజున నేను దుకాణానికి పోయాను. బయట గీతల గుడ్డ గాలికి ఊగుతోంది. మావాడు నన్ను చూసి నవ్వాడు.

"మా అన్న చిన్నప్పటి సంది గంతేరా. జనం ఉన్నకాడికి రాడు. అందరు ఎల్లిపోయినంక మెల్లగ వస్తడు, సూడు."

ఇదిగో, ఇదే. ఈ నవ్వు, ఈ మాటలు, గాలికి ఊగిన ఆ గుడ్డ. నేను పుట్టించింది ఇదొక్కటే. బంతిపువ్వును పుట్టించానని మీరు అనుకుని ఉంటారు. లేదు, దాన్ని హోటల్లో అందరూ చూశారు. అది నేను పుట్టించిందే అయితే ఇప్పటికి ఇంకోటి పుట్టించేవాణ్ణి.

ఆ రోజు నేను పోయేసరికి దుకాణం ముందు గుడ్డ లేదు. లోపల కత్తిరించి ఉంది. మావాడు తల వంచుకుని దానితో పరుపు కుడుతున్నాడు. నన్ను చూశాడు, నవ్వలేదు, అభిప్రాయాలు చదవమని అడగలేదు. కుట్టు పూర్తయ్యాక, బేరానికి వచ్చి నిలబడ్డ ఎవరికో దాన్ని చుట్టి ఇచ్చేశాడు. వాళ్లు ఆటోలో వేసుకుని పోయారు.